తాతయ్యగారి గరుకు పైపుకి పాలిష్ కొట్టించాలా, అలాగే ఉంచాలా?

అమలాపురం_అబ్బాయి:

అందరికీ నమస్కారమండి. ముందే చెప్పేస్తున్నాను, నాకు పొగ అలవాటు లేదు, పైపుల గురించి ఓనమాలు కూడా తెలీవు. ప్రశ్న మరీ అమాయకంగా ఉంటే నవ్వుకోండి గానీ జవాబు మాత్రం చెప్పండి.

మా అమ్మ వాళ్ల నాన్నగారు కాకినాడ పోర్టులో టాలీ క్లర్కు. అక్కడ పెద్ద ఓడలు ఒడ్డుకి వచ్చేవి కాదు, దూరంగా సముద్రంలో లంగరేసుకుని నిలబడితే బార్జిల మీద సరుకు చేరవేసేవారు. తాతయ్య ఆ బార్జి ఎక్కి వెళ్లి ఓడ మీద నిలబడి బస్తాల లెక్క రాసేవారు. ఓ ఓడలో ఆఫీసరెవరో వెళ్లిపోయే ముందు తన పైపు ఈయన చేతిలో పెట్టి వెళ్లాడట. ఏ ఓడ, ఏ దేశం, ఏ సంవత్సరం అన్నది ఇంట్లో ఎవరికీ తెలీదు. తాతయ్య పోయి పదకొండేళ్లయింది. పోయిన నెల అమ్మమ్మ ట్రంకుపెట్టె సర్దుతుంటే పాత పాస్‌బుక్కుల కింద, చిరిగిన కండువాలో చుట్టి కనిపించింది.

ఇప్పుడు అసలు సంగతి. పైపు అంటే సినిమాల్లో జమీందార్ల చేతిలో ఉన్నట్టు నున్నగా, నిగనిగలాడుతూ ఉంటుందనుకున్నాను. ఇది అలా లేదు. పొగాకు వేసే గిన్నె చుట్టూ సన్నటి గట్లు గట్లుగా ఉంది, వరద తీసిపోయాక లంకలో ఇసుక మేట మీద నీళ్లు వదిలి వెళ్లిన గీతలుంటాయి చూడండి, అచ్చం అలా. గోరుతో గీస్తే చిన్న చప్పుడు కూడా వస్తుంది. గిన్నె అడుగున మాత్రం గీతలు పోయి, ఆవాలు అతికించినట్టు చుక్కలు చుక్కలుగా ఉంది. రంగు నలుపే గానీ కిటికీ దగ్గర పెట్టి చూస్తే గట్ల అంచున ఎరుపు తేలుతోంది. నోట్లో పెట్టుకునే గొట్టం నల్లగా ఉండాల్సింది, పాచి పట్టినట్టు ఆకుపచ్చగా తిరిగిపోయింది.

మా వీధి కార్పెంటర్‌గారికి చూపిస్తే, "పురుగు తినేసింది బాబూ, గరుకు కాగితం వేసి సాపు చేసి రెండు కోట్లు వార్నిష్ కొడితే అద్దంలా వస్తుంది, మూడొందలియ్యి" అన్నారు. అమ్మమ్మేమో కొబ్బరినూనె రాసి ఎండలో పెట్టరా అంటోంది. మామయ్యయితే "ఇంగ్లండు సరుకు, లక్షలు పలుకుతుంది, ఎవరికీ చూపించకు" అంటున్నాడు.

ఇది నిజంగా పురుగు తిన్నదా, వాడి వాడి అరిగిందా, లేక కావాలనే ఇలా చేశారా? కావాలనే చేస్తే మంచి కర్ర తెచ్చి మరీ దాన్ని గరుకు చేసుకోవడం ఏంటండి, నాకు అర్థం కాలేదు.

రాజమండ్రి_పాతసామాన్లు:

ఆగండాగండి. ఆ మూడొందలు మీ జేబులోనే ఉంచండి, కొబ్బరినూనె సీసా మూత కూడా పెట్టేయండి. ఒక్కసారి గరుకు కాగితం పడిందంటే ఆ గట్లు మళ్లీ రావు.

పురుగు తింటే బెజ్జాలు పడతాయి, తడితే పొడి రాలుతుంది. మీరు చెప్పినట్టు గట్లు వరసగా గిన్నె చుట్టూ తిరిగి, అడుగుకొచ్చేసరికి చుక్కలైపోయాయంటే అది నూటికి తొంభై పాళ్లు శాండ్‌బ్లాస్ట్. గట్టి గాలితో సన్నటి రాపిడి రేణువుల్ని కర్ర మీదకి కొడతారు. కర్రలో మెత్తటి భాగం ముందు ఎగిరిపోతుంది, గట్టిది నిలబడుతుంది. ఉప్పాడ వైపు సముద్రానికి దగ్గరున్న పాత గోడలు చూసే ఉంటారు, ఉప్పుగాలికి ఇటుక తినేసుకుపోయి మధ్యలో సున్నం గీతలు మాత్రం బయటికి పొడుచుకుని ఉంటాయి కదా, అదే పని ఇక్కడ మిషను నిమిషాల్లో చేస్తుంది. అంటే ఆ గీతలు ఎవరూ చెక్కినవి కావు. చెట్టు ఏటేటా పెరిగిన లెక్క అది. మెత్తగా పెరిగిన కాలం పల్లమైంది, నెమ్మదిగా గట్టిపడిన కాలం గట్టు అయింది.

అడుగున చుక్కలెందుకంటే, చెరకు గడని గుర్తు తెచ్చుకోండి. నిలువుగా చీలిస్తే పీచు పొడుగ్గా గీతల్లా కనిపిస్తుంది, అడ్డంగా నరికితే అదే పీచు చుక్కల్లా కనిపిస్తుంది. ఈ కర్రలో కూడా నార నిలువుగా నిలబడేటట్టు చూసి గిన్నె తొలుస్తారు, అందుకని అడుగున నార కొసలు చుక్కలుగా తేలతాయి. ఏటి వలయాలేమో నారకి అడ్డంగా, చెరకు కణుపుల్లా గిన్నె చుట్టూ తిరుగుతాయి. అన్ని ముక్కలకీ ఇలా కుదరదు. మీది కుదిరిందంటే కోసినవాడు దుంపని అటూ ఇటూ తిప్పి చూసి మరీ కోశాడన్నమాట.

దుంప అని ఎందుకన్నానంటే ఇది కాండం కర్ర కాదు. బ్రయర్ అంటారు, ఫ్రెంచి మాట బ్రుయేర్ నుంచి వచ్చింది. మధ్యధరా సముద్రం చుట్టూ, ఇటలీ, గ్రీస్, అల్జీరియా కొండల మీద పెరిగే ఎరికా ఆర్బోరియా అనే పొద. దాని వేరు మొదట్లో, నేలలో, కంద దుంపలా ఒక ముడి కడుతుంది. పైన పొద కాలిపోయినా, ఎండకి మాడిపోయినా మళ్లీ చిగురు వేసేది ఆ ముడి లోంచే. పైపుకి పనికొచ్చేంత సైజు రావడానికి ముప్పై ఏళ్లయినా పడుతుంది. తవ్వాక ఎండిపోనివ్వకుండా తడిగా ఉంచి, ముక్కలు కోసి, పన్నెండు గంటలు తక్కువ కాకుండా ఉడకబెట్టి పసరు, చేదు అంతా లాగేసి, ఆ తర్వాత నెలల తరబడి, కొందరైతే ఏళ్ల తరబడి నీడన ఆరబెడతారు. ఎండలో పెడితే పగిలిపోతుంది (అమ్మమ్మగారికి ఈ ముక్క చెప్పండి). ఫ్రాన్స్‌లో సెయింట్ క్లాడ్ అనే ఊళ్లో 1850ల నుంచీ ఇదే పని.

ఇంకో రకం గరుకు ఉంది, దాన్ని రస్టికేషన్ అంటారు. అది ఉలితోనో, మేకులు కట్టగట్టిన పనిముట్టుతోనో చేత్తో పొడిచి చేసేది. ఇటలీలో కాంటూ ఊరి కాస్టెల్లో వాళ్లు 'సీ రాక్' అని చేస్తారు, పగడపు రాయి పట్టుకున్నట్టుంటుంది. రెంటికీ తేడా కనుక్కోవడం తేలికే. చేత్తో పొడిచింది గిన్నె మీదా అడుగునా కాడ మీదా అంతటా ఒకే తీరుగా ఉంటుంది, నార ఎటు పోతోందో దానికి పట్టదు. బ్లాస్ట్ చేసింది నార చెప్పినట్టు వింటుంది.

గొట్టం ఎక్కే కాడ అడుగున ఏమైనా అచ్చు వేసి ఉందేమో చూసి చెప్పండి. గొట్టం మీద తెల్ల చుక్క ఉందా?

కాకినాడ_ఫ్యాబ్రికేషన్:

పైన గురువుగారు చెప్పింది నిజమండి, మా అన్నం పెట్టే పనే అది. ఇనుప ప్లేట్లకి పెయింటు వేసే ముందు తుప్పు లేపడానికి బ్లాస్టింగ్ చేస్తాం. పేరుకి శాండ్‌బ్లాస్ట్ గానీ ఇసుక వాడకూడదు, ఆ దుమ్ము లోపలికి పోతే సిలికోసిస్ వస్తుంది, ఊపిరితిత్తులు రాయి కట్టేస్తాయి. గార్నెట్, కాపర్ స్లాగ్, గాజు పూసల పొడి లాంటివి వాడాలి. ఎవరికైనా ఇంట్లో కంప్రెసర్ పెట్టి ఏటి ఇసుకతో ట్రై చేద్దామని బుద్ధి పుడితే దయచేసి వద్దు.

ఓ సంగతి చెప్తాను, నవ్వకండి. రెండేళ్ల కిందట ఇలాంటి పైపు ఫొటో ఒకటి ఫోన్లో చూసి మనమూ చేద్దామని మధ్యాహ్నం భోజనాల టైములో మొదలెట్టా. ఇంట్లో తలుపు చేయించగా మిగిలిన టేకు ముక్క తెచ్చా. ఇనుముకి పెట్టే ప్రెషరే పెట్టి కొట్టా, ముక్కలో వేలు పట్టేంత బొక్క పడింది, మిగతాది ఎగిరి అవతల పడింది. మర్నాడు ప్రెషర్ సగానికి పైగా తగ్గించి, గాజు పూసలు వేసి, మూరెడు దూరం నుంచి కొడితే అప్పుడు మెల్లిగా, ఫొటో కడుగుతుంటే బొమ్మ తేలినట్టు, గీతలు తేలాయి. టేకులో ఏటి వలయాలు బాగా విడివిడిగా ఉంటాయి కాబట్టి అందింది. తుమ్మ మొండికేసింది, మసకబారడం తప్ప ఏమీ తేలలేదు.

ఇక కొబ్బరి. కోనసీమలో పుట్టి కొబ్బరి చెక్క మీద చెయ్యకపోతే ఎలా అని అదీ పెట్టా. పీచంతా లేచి చీపురుకట్ట అయి కూర్చుంది. తర్వాత తెలిసింది, కొబ్బరీ తాడీ అసలు వలయాలు కట్టే జాతే కాదట, గడ్డి కుటుంబానికి దగ్గర చుట్టాలు, మధ్యలో మెత్తన, బయట గట్టి, అంతే. వలయమే లేనప్పుడు మిషను మాత్రం ఏం తేలుస్తుంది? మా సూపర్‌వైజరు చూసి "పని లేదా" అన్న మాట ఇక్కడ రాయలేను.

ముక్కుసూటి_మనిషి:

ఇదంతా బానే ఉంది గానీ ఒక మాట అడుగుతాను. నేను చదివినంతలో ఈ బ్రయర్ దుంపల్లో రాళ్లు, ఇసుక ఇరుక్కుని గుంటలుంటాయి, కోసేకొద్దీ బయటపడతాయి, అలాంటి ముక్కల్నే ఇలా గరుకు చేసి అమ్ముతారు. అంటే పుచ్చొంకాయని బజ్జీ వేసి అమ్మినట్టే కదండీ? మచ్చ లేని నున్నటి పైపు ఖరీదెక్కువ, ఇది చవక. ఉన్నమాట చెప్పకుండా చెట్టు లెక్కలు, చేవ గీతలు అని కవిత్వం చెప్తే ఎలా.

ఇంకోటి, గరుకుగా ఉంటే వేడి త్వరగా పోతుందని పైపు అమ్మేవాళ్లందరూ అంటారు. అది ఎంతవరకు నిజం?

రాజమండ్రి_పాతసామాన్లు:

బజ్జీ పోలిక బాగుంది, కానీ సగమే ఒప్పుకుంటాను. గుంటలున్న మాట నిజం. ఉడకబెట్టి, ఆరబెట్టి, తొలిచి, ఆఖరి పాలిష్‌కి వచ్చాక కూడా కందిగింజంత గుంట బయటపడి మొత్తం పని పాడవుతుంది. గుంటలో లప్పం కూరి నున్నగా చేసేసి అమ్మేవాళ్లున్నారు, అది నా దృష్టిలో మోసం. ఆ గుంట ఉన్న పొరనే లేపేసి కింద ఉన్నది చూపించడం మోసం కాదు. పైగా మెత్తగా పెరిగిన దుంపకే గీతలు లోతుగా తెగుతాయి, కొన్ని దుంపలు నున్నటి పనికంటే ఈ పనికే బాగా పనికొస్తాయి. లండన్‌లో ఆల్‌ఫ్రెడ్ డన్‌హిల్ 1917లో 'షెల్' పేరుతో ఇది తెచ్చింది అల్జీరియా బ్రయర్ మీదే, అది కాస్త మెత్తటి రకం. బాయిలర్ పక్కన ఓ పైపు మర్చిపోతే మెత్తటి భాగం కుంచించుకుపోయి గీతలు తేలాయనీ, దాన్ని చూసే ఈ ఆలోచన వచ్చిందనీ ఒక కథ ప్రచారంలో ఉంది. కథ కథే, నేను పందెం కాయను. ఆ తెల్ల చుక్క వాళ్ల గుర్తు, అందుకే అడిగాను.

వేడి సంగతంటారా, లెక్క ప్రకారం గట్లూ పల్లాలూ ఉంటే గాలి తగిలే వైశాల్యం పెరుగుతుంది, కాదనను. కానీ చేతికి తెలిసేంత తేడా నేనెప్పుడూ చూడలేదు. గిన్నె గోడ ఎంత మందం, తాగేవాడు ఎంత ఆత్రంగా లాగుతున్నాడు, వేడిని తేల్చేవి ఈ రెండే. పట్టు మాత్రం దొరుకుతుంది. బరువు కూడా కాస్త తగ్గుతుంది. నేను పాతవి పోగేసేవాణ్ణి, తాగడం మానేసి పన్నెండేళ్లు, అయినా సాయంత్రం టీవీ చూస్తూ ఒకటి చేతిలో పెట్టుకు తిప్పుతుంటా. నున్నటి పైపుని ఒక నిమిషం చూసి పక్కన పెట్టేస్తాం. దీన్ని వేలు వదలదు, బొటనవేలు దానంతటదే ఆ గట్ల వెంట తిరుగుతూ ఉంటుంది. మా ఆవిడ జపమాల అని వెక్కిరిస్తుంది.

పాలకొల్లు_పళ్లడాక్టర్:

వస్తువు మీద ఇష్టం వేరు, అలవాటు వేరు, అందుకని ఈ ముక్క చెప్పి పక్కకి తప్పుకుంటాను. పైపు పొగ లోపలికి పీల్చరు కాబట్టి ప్రమాదం లేదన్న మాట తప్పు. నోరు, నాలుక, పెదవి, గొంతు కేన్సర్లకి అదీ కారణమే. మన ఉత్తర కోస్తాలో ఆడవాళ్లు అడ్డపొగ తాగేవారు, చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని. మా నాయనమ్మ అలాగే తాగేది. అంగిలి మీద ఆ వేడికి తెల్లగా మందంగా పొర కడుతుంది, మధ్యలో ఎర్రటి చుక్కలు. అంగిట్లో కేన్సర్ చాలా అరుదు, అడ్డపొగ ఉన్న చోట మాత్రం అరుదు కాదు. ఇప్పటికీ డెబ్బై దాటినవాళ్లు నా కుర్చీలో కూర్చుని నోరు తెరిస్తే ముందు అక్కడే చూస్తాను.

ఇక పైపు గురించి నాకు తెలిసింది ఒక్కటే. ఆ గొట్టం మూతి దగ్గర పంటి గాట్లు ఉంటాయి, చూడండి. రెండు వైపులా, పైనా కిందా. ఏ పక్క ఎక్కువ లోతుగా ఉన్నాయో చూస్తే మీ తాతగారు ఏ దవడ కింద పట్టుకునేవారో తెలిసిపోతుంది. గొట్టం బాగు చేయించినా సరే, ఆ గాట్లు మాత్రం అరగదీయించకండి. నా మాట విని.

అమలాపురం_అబ్బాయి:

అందరికీ థాంక్సండి, నిన్న రాత్రి నిద్రపోలేదు మీ అందరి దయ వల్ల.

మా చెల్లి బయాలజీ లెన్సు, ఫోన్ టార్చి పెట్టుకుని కూర్చున్నాను. టార్చి ఎదురుగా వేస్తే ఏమీ తెలీదు, పక్కనుంచి పడుకోబెట్టి వేస్తే ఒక్కో గట్టు నీడ అవతల గట్టు మీద పడి కొండల వరస విమానంలోంచి చూసినట్టుంది. అంచు నుంచి కిందకి గుండుసూదితో లెక్కపెట్టాను, నలభై ఒకటి వచ్చాయి, మళ్లీ లెక్కపెడితే నలభై మూడు. ఒక చోట మూడు గట్లు మరీ దగ్గరగా, వెంట్రుకవాసి సందుతో ఉన్నాయి. అవి వానలు పడని ఏళ్లా?

కాడ అడుగున కొంచెం చోటు నున్నగా వదిలేశారు, అక్కడ అచ్చు ఉంది. పై వరస పేరు అరిగిపోయింది, చివర రెండక్షరాలు తప్ప చదవలేకపోయాను. కింద 'మేడ్ ఇన్ ఇంగ్లండ్' అని, పక్కన మూడంకెల నంబరు. తెల్ల చుక్క లేదండి, మామయ్యకి ఈ వార్త ఇంకా చెప్పలేదు.

డాక్టరుగారూ, మీరు చెప్పినట్టే గాట్లున్నాయి. ఎడమ పక్క లోతుగా ఉన్నాయి, పైదానికంటే కిందది ఇంకా లోతు. అమ్మని పిలిచి చూపిస్తే కాసేపు ఏమీ మాట్లాడలేదు. కుడి చేత్తో లెక్క రాసుకునేవారు కదా, ఎడమ చెయ్యి ఓడ కమ్మీ పట్టుకోవడానికి కావాలి, అందుకని పైపు ఎడమ పంటి కింద కరిచిపట్టి ఉంచేవారు, ఇంట్లో కూడా అలాగే మాట్లాడేవారు, సగం మాటలు అర్థమయ్యేవి కాదు అని చెప్పింది. పైపు పొగాకు ఇక్కడెక్కడ దొరుకుతుంది, లంక చుట్ట విరిచి నలిపి అందులో కూరుకునేవారట. ఆ వాసన నిజంగానే ఇంకా ఉంది, ముక్కు గిన్నె దగ్గర పెడితే.

ఇప్పుడు దీన్ని పాడు చెయ్యకుండా శుభ్రం ఎలా చెయ్యాలో చెప్పండి. పల్లాల్లో మట్టి, జిడ్డు ఉన్నాయి.

రాజమండ్రి_పాతసామాన్లు:

దగ్గర దగ్గరగా ఉన్న గట్లు పెరుగుదల తక్కువైన ఏళ్లే. వానలు లేకపోవడమే సాధారణంగా కారణం, అయితే పొద నరికేసినా, కాలిపోయినా అలాగే అవుతుంది, మనం ఏదో ఒకటని చెప్పలేం.

శుభ్రం చెయ్యడం పెద్ద పని కాదు, తొందరపడకపోవడమే పని. ముందు గొట్టం ఊడదీయాలి. లాగకుండా ఒకే వైపు మెల్లిగా తిప్పుతూ తీయండి, రాకపోతే బలవంతం వద్దు, ఫ్రిజ్‌లో ఓ గంట పెట్టి మళ్లీ చూడండి. లోపల జిడ్డు గట్టిపడి పట్టేసి ఉంటుంది, చలికి కాస్త బిగువు వదులుతుంది. గిన్నెని ట్యాపు కింద పెట్టొద్దు. మెత్తటి పాత టూత్‌బ్రష్‌ని తడిపి, నీళ్లు విదిలించేసి, గీతల వెంట తోమండి, అడ్డంగా కాదు. పంటిపుల్ల కొస పల్లాల్లో పెట్టి మట్టి తీయొచ్చు, గుండుసూది మాత్రం వద్దు, గీత పడితే అది చెట్టు గీసినది కాదని జీవితాంతం మీకు తెలుస్తూనే ఉంటుంది. తర్వాత పొడి గుడ్డతో అద్ది నీడన రెండ్రోజులు.

పైన ఏదైనా రాయాలనుకుంటే మైనం కొంచెం, గోరంత, బూట్ల బ్రష్‌తో. ఎక్కువైతే పల్లాల్లో తెల్లగా గడ్డకట్టి గీతలన్నీ పూడుకుపోతాయి. కొబ్బరినూనె ఎందుకు వద్దంటున్నానంటే అది ఆరే నూనె కాదు, జిడ్డుగానే ఉండిపోయి దుమ్ము పట్టి మన వానాకాలానికి బూజెక్కుతుంది. వార్నిష్ మాట ఎత్తకండి.

లోపల గిన్నెకి మసి పొర కట్టి ఉంటుంది, పాత చుట్టలదన్నమాట. తాగేవాళ్లకయితే రూపాయి బిళ్ల మందం ఉంచి మిగతాది గీకమని చెప్తాం, మరీ మందమైతే వేడికి వ్యాకోచించి గిన్నె పగులుతుంది. మీరు తాగరు కాబట్టి ముట్టుకోకండి. వాసన దాంట్లోనే ఉంది.

ఆ ఆకుపచ్చ పాచి కాదు. గొట్టం వల్కనైట్, అంటే గంధకం కలిపి గట్టిపరిచిన రబ్బరు, వెలుతురు తగిలేకొద్దీ పైన గంధకం బయటికొచ్చి రంగు మారుతుంది. నాలిక పెడితే చేదుగా తుప్పు రుచి వస్తుంది, పెట్టకండి. గుడ్డ మీద కొంచెం తెల్ల టూత్‌పేస్ట్ వేసి ఓపిగ్గా రుద్దితే నలుపు తిరిగొస్తుంది. గాట్ల దగ్గర ఆపేయండి, డాక్టరుగారు కోప్పడతారు. వేడినీళ్లు అస్సలొద్దు, ఈ వంపు గొట్టాలు వేడి తగిలితే పుట్టినప్పుడు ఎలా ఉన్నాయో అలా నిటారుగా అయిపోతాయి. నేనొకటి అలా పాడు చేసుకున్నాను, ఏనుగు తొండంలా ఉండాల్సింది వెదురు కర్రలా అయింది.

ధర సంగతి మామయ్యగారికి మెల్లిగా చెప్పండి. పేరు చదవలేని, తెల్ల చుక్క లేని ఇంగ్లండు పైపుకి లక్షలు రావు.

కోటిపల్లి_రేవు:

పైపు గురించి నాకేమీ తెలీదు గానీ లంక చుట్ట మాట వచ్చింది కాబట్టి ఆగలేకపోయాను. లంకల్లో వరద దిగాక కొత్త ఒండ్రు మీద వేసే ఆకు అది, ఘాటు మామూలుగా ఉండదు. దొరల కాలంలో ఆ చుట్టలకి మద్రాసు దాకా గిరాకీ, వాళ్ల నోట్లో మన 'లంక' అనే మాటే చుట్టకి పేరైపోయి 1886లో అచ్చయిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువులోకి కూడా ఎక్కింది. పైపులో వాడే వర్జీనియా ఆకు మెత్తటిది, అది మన డెల్టా పంట కాదు, పైన జంగారెడ్డిగూడెం, కొయ్యలగూడెం మెరక నేలల్లో వేస్తారు. రాజమండ్రిలో 1947లోనే పొగాకు పరిశోధన కేంద్రం పెట్టారు, అంత పొగాకు దేశం మనది. అలాంటి చోట ఆ తాతగారు ఇంగ్లండు పైపులో లంక ఆకు కూరి తాగారంటే ఆయన ఊపిరికో దండం. చుట్టకే కళ్లు తిరుగుతాయి, దాన్ని గిన్నెలో కుక్కి తాగడమంటే మాటలా.

అమలాపురం_అబ్బాయి:

అందరికీ చివరి అప్‌డేట్. గొట్టం ఫ్రిజ్ అక్కర్లేకుండానే వచ్చింది. బ్రష్‌తో తోమాక ఎరుపు ఇంకా బాగా తేలింది. తోమిన నీళ్లు టీ డికాషన్ రంగులో వచ్చాయి, అమ్మమ్మ ఆ గుడ్డ ఉతకనివ్వలేదు.

కార్పెంటర్‌గారికి ఒకసారి చెప్పాలనిపించి మళ్లీ తీసుకెళ్లాను, ఆయనని తప్పుపట్టడానికి కాదు. లెన్సు ఇచ్చి చూడమంటే కళ్లజోడు నుదుటి మీదకి నెట్టి చాలాసేపు చూశారు. తర్వాత ఏమీ అనకుండా లోపలికి వెళ్లి ఒక చెక్క తెచ్చారు. వాళ్ల నాన్నగారి కాలంలో రేవులో విప్పేసిన పడవ పలకట, టేకు, ఎన్నేళ్లు ఎండా వానా నీళ్లూ తిందో, ఇప్పుడు దాని మీద ఉలి పీటలు పెట్టుకుంటున్నారు. తిరగేసి చూపించారు. గట్లు, పల్లాలు, మధ్యలో మేకు బెజ్జం చుట్టూ గీతలు వంపు తిరిగి. "ఇన్నాళ్లూ దీన్ని చిత్రిక పట్టి సాపు చెయ్యాలనుకుంటున్నానండి, కుదర్లేదు" అన్నారు. ఇప్పుడు ఇనుప బ్రష్‌తో కొత్త టేకు ముక్క మీద అలాగే వస్తుందేమో గీకి చూస్తున్నారు. సగం సగం వస్తోంది.

ఫ్యాబ్రికేషన్ గురువుగారూ, ఆయన మీ మిషను ఒకసారి చూస్తానంటున్నారు. ఆదివారం తీసుకురావచ్చా?

కాకినాడ_ఫ్యాబ్రికేషన్:

తప్పకుండా రండి, సూపర్‌వైజరు ఆదివారం రాడు. ముక్కలు మాత్రం మీరే తెచ్చుకోండి, మా ఇంట్లో తలుపు తప్ప టేకు మిగల్లేదు.